యాభై దాటాక దక్కిన గెలుపు

యథార్థ గాథ

శిరివెళ్లలో పుట్టారు. నెల్లూరులో పెరిగారు. గుంటూరులో లెక్కలు చెప్పారు. సొంతగడ్డ యాసను నేర్చుకోవడానికి మాత్రం యాభై ఏళ్ల వయసులో నంద్యాల రావలసి వచ్చింది. ఆ యాస జయప్రకాశ్‌రెడ్డి బతుకును మార్చింది, తెలుగు సినిమా దారినీ మార్చింది. సీమకు మాత్రం ఒక బాకీ మిగిల్చింది.

నంద్యాల, టేపు రికార్డరు

1997 వేసవికి ఇంకా కొన్ని నెలలున్నాయి. నంద్యాల ప్రాంతంలో ఒక పెద్దమనిషి టేపు రికార్డరు పట్టుకుని తిరుగుతున్నారు. భారీ విగ్రహం, దూరాన్నుంచే తెలిసే గొంతు. సరుకు కొనడానికి రాలేదు, చుట్టాల ఇంటికీ రాలేదు. జనం ఎట్లా మాట్లాడుతున్నారో వినడానికి వచ్చారు.

నలుగురు చేరిన చోటల్లా ఆయనకు కావలసింది దొరికింది. ‘యాడికి పోతాండావప్పా?’ అని పలకరించే తీరు. ‘అట్ల కాదబ్బా’ అని అడ్డుపడే తీరు. చేయాలి అనే చోట ‘చేయల్ల’, రావాలి అనే చోట ‘రావల్ల’, తొందరగా అనడానికి ‘బిన్నె’. మాటలు నేర్చుకుంటే చాలదని నాటకాల మనిషికి తెలుసు. కోపం వచ్చినప్పుడు సీమ మనిషి గొంతు ఎక్కడ లేస్తుంది, ప్రేమగా పిలిచినప్పుడు ఏ అక్షరం సాగుతుంది, బెదిరించేటప్పుడు మాట ఎంత నెమ్మదిస్తుంది అన్నది చెవితో పట్టుకోవాలి. అందుకే ఆ టేపు రికార్డరు.

చిత్రమేమిటంటే ఆయన పరాయి ప్రాంతం వాడు కాదు. నంద్యాల నుంచి ఆళ్లగడ్డ వెళ్లే దారిలో, నల్లమల కొండల అంచున ఉన్న శిరివెళ్లలో 1946లో పుట్టారు. అప్పుడది కర్నూలు జిల్లా, ఇప్పుడు నంద్యాల జిల్లా. తండ్రిది పోలీసు ఉద్యోగం. బదిలీల వెంట కుటుంబం నడిచింది. బాల్యం, బడిచదువు ఎక్కువగా నెల్లూరులో గడిచాయి. ఆ తర్వాత అనంతపురం, ఇంకా వేరే ఊళ్లు. చివరకు గుంటూరు. పుట్టిన ఊరి మాట నాలుక మీద నిలవడానికి వీలు చిక్కలేదు. యాభై ఏళ్ల తర్వాత ఒక సినిమా పాత్ర ఆయన్ను మళ్లీ అక్కడికే రప్పించింది.

లెక్కల మాస్టారి మొదటి ప్రయత్నం

జయప్రకాశ్‌రెడ్డికి నటన ఇంట్లోనే అబ్బింది. తండ్రి కూడా నాటకాలు వేసేవారు. కొడుకు ఉపాధ్యాయ శిక్షణ పొంది, లెక్కల మాస్టారుగా ఉద్యోగంలో చేరి, సాయంత్రాలను రంగస్థలానికి ఇచ్చారు. పరిషత్తు నాటకాల రోజులవి. ఊరూరా పోటీలు జరిగేవి. రిహార్సల్స్ అర్ధరాత్రి దాకా సాగేవి. తెల్లారితే బడి గంటకు అందుకోవాలి. మైకుకు అందకపోయినా చివరి వరుసకు మాట వినబడాలి. ఆ గొంతు అక్కడ సానదేలింది.

ఒకసారి నల్గొండలో ‘గప్‌చుప్’ అనే నాటకం ఆడుతుండగా దర్శకుడు దాసరి నారాయణరావు చూశారు. నటన నచ్చి నిర్మాత డి.రామానాయుడికి చెప్పారు. అలా 1988లో సురేశ్ ప్రొడక్షన్స్ వారి ‘బ్రహ్మపుత్రుడు’తో తెర మీదికి వచ్చారు. అప్పటికే వయసు నలభై దాటింది.

తొలి అవకాశం పెద్ద సంస్థలో, పెద్ద హీరో వెంకటేశ్ సినిమాలో వచ్చింది. దారి పడిందని ఎవరైనా అనుకుంటారు. సినిమా రంగంలో తొలి అవకాశానికీ తొలి గెలుపుకూ మధ్య చాలా దూరం ఉంటుంది. 1992 దాకా సుమారు పాతిక సినిమాలు చేశారు. ప్రేక్షకుడు పేరు పెట్టి పిలిచే పాత్ర ఒక్కటీ రాలేదు. వచ్చిన ముఖాన్ని గుర్తుపడతారు, పేరు అడిగితే చెప్పలేరు. చిన్న వేషాలకు డబ్బు తక్కువ, ఎదురుచూపు ఎక్కువ. ఇంటి ఖర్చు మాత్రం నెలనెలా వస్తుంది. ఆర్థిక ఇబ్బందులు చుట్టుముట్టాయి.

ఆయన గుంటూరు వెళ్లిపోయారు. మళ్లీ సుద్దముక్క పట్టుకున్నారు.

ఈ ఘట్టం దగ్గర కాస్త ఆగాలి. విజయగాథలు రాసేవాళ్లు ఈ ఐదేళ్లను ఒక్క వాక్యంలో దాటేస్తారు. నిజానికి ఒక నటుడి జీవితంలో అసలైన పరీక్ష ఇక్కడే. పాతిక సినిమాలు చేసి వెనక్కి వచ్చిన మనిషిని ఊరు ఎట్లా చూస్తుందో అందరికీ తెలుసు. ఆయనకు చేతిలో ఒక వృత్తి ఉంది కనుక తలెత్తుకుని నిలబడగలిగారు. అవసరమైనప్పుడు తిరిగి పోవడానికి ఒక బడి ఉండటం వల్ల ఆయనలోని నటుడు బతికాడు. మద్రాసులో, హైదరాబాదులో ఆ ఆసరా లేక కరిగిపోయిన నటుల లెక్క ఎవరూ రాయలేదు.

రామానాయుడి కంటపడిన రోజు

1997లో రానున్న ఒక సినిమా కోసం సురేశ్ ప్రొడక్షన్స్ ఒక ప్రతినాయకుణ్ణి వెతుకుతోంది. కొత్త దర్శకుడు జయంత్ సి.పరాన్జీ. హీరో వెంకటేశ్. మాటలు పరుచూరి సోదరులవి. హైదరాబాదు కుర్రాడు కర్నూలులో అక్క ఇంటికి వెళ్లి, అక్కడి అమ్మాయిని ప్రేమించడం, ఆమె వెనుక ఒక ఫ్యాక్షన్ కుటుంబం ఉండటం కథ.

ఏదో పని మీద హైదరాబాదు వచ్చిన జయప్రకాశ్‌రెడ్డి రామానాయుడి కంట పడ్డారు. మర్చిపోయిన ముఖం నిర్మాతకు మళ్లీ గుర్తుకొచ్చింది. వీరభద్రయ్య పాత్రకు ఆయన్ను సిఫారసు చేశారు. దీన్ని అదృష్టం అనవచ్చు. తొమ్మిదేళ్ల కిందట నల్గొండ నాటకం మంచిగా ఆడకపోయి ఉంటే, ఆ రోజు ఆ కంట పడినా గుర్తుకొచ్చేది కాదు.

అంతకుముందు తెలుగు తెరకు కోట శ్రీనివాసరావు ఒక దారి చూపారు. 1985లో ‘ప్రతిఘటన’లో తెలంగాణ మాటతో ఆయన విలనీకి కొత్త ప్రాణం పోశారు. అప్పటిదాకా విలన్లు దాదాపు ఒకే పుస్తకాల తెలుగు మాట్లాడేవారు. కోట యాసతో మనిషికి ఊరు, నేల వచ్చాయి. రాయలసీమ యాసకు తెర మీద అట్లాంటి చోటు ఇంకా దక్కలేదు. కథ జరిగేది కర్నూలులో. అయినా మామూలు తెలుగులో చెప్పేసి వెళ్లిపోతే ఎవరూ తప్పుపట్టేవారు కాదు. ఆ రోజుల్లో అదే మామూలు.

ఆయన నంద్యాల దారి పట్టారు. ఈ గాథ మొత్తంలో మలుపు తిప్పిన నిర్ణయం ఇదే. నిర్మాత ఇచ్చింది వేషం. దాన్ని తన బతుకు మార్చే వేషంగా చేసుకున్నది ఆ టేపు రికార్డరు.

వీరభద్రయ్య

1997 మేలో ‘ప్రేమించుకుందాం రా’ విడుదలైంది. ఘనవిజయం. కొత్త తరహా ప్రేమకథ, మహేశ్ పాటలు జనాన్ని థియేటర్లకు తెచ్చాయి. బయటికి వచ్చేటప్పుడు జనం నోళ్లలో మరో మనిషి కూడా ఉన్నాడు. అతనే వీరభద్రయ్య.

అరవడు. చేతులు ఊపడు. మాటను నమిలి, కొలిచి వదులుతాడు. కూర్చున్న కుర్చీ, తెల్లటి బట్టలు, మీసం, చూపు ఇవన్నీ సరే. వాటిని నమ్మించింది గొంతు. కర్నూలు ప్రేక్షకుడికి ఆ గొంతు తెలిసిన గొంతు. కోస్తా ప్రేక్షకుడికి, హైదరాబాదు ప్రేక్షకుడికి అది కొత్త భయం. ఇద్దరికీ ఒకేసారి నచ్చడంతో ఆయన దశ తిరిగింది.

యాభై ఒకటో ఏట ఒక నటుడి ఇంటిముందు కార్లు ఆగడం మొదలైంది. బడి సెలవుల్లో షూటింగుకు పోయే మాస్టారు, షూటింగుల మధ్య ఇంటికి వచ్చే నటుడయ్యారు.

అచ్చులో పోసిన గెలుపు

1999 సంక్రాంతికి బి.గోపాల్ దర్శకత్వంలో ‘సమరసింహారెడ్డి’ వచ్చింది. విజయేంద్రప్రసాద్ కథ, పరుచూరి సోదరుల మాటలు, బాలకృష్ణ హీరో. ఎదురుగా వీరరాఘవరెడ్డిగా జయప్రకాశ్‌రెడ్డి. సినిమా ఆ ఏడాదికే కాదు, ఆ దశాబ్దానికే పెద్ద విజయాల్లో ఒకటైంది. 2000లో ‘జయం మనదేరా’, 2001 సంక్రాంతికి ‘నరసింహనాయుడు’. ఫ్యాక్షన్ కథ ఒక ప్రవాహమైంది. 2002లో ‘ఆది’, ‘ఇంద్ర’, ‘చెన్నకేశవరెడ్డి’. 2003 సంక్రాంతికి ‘ఒక్కడు’ కర్నూలు కొండారెడ్డి బురుజును రాష్ట్రం మొత్తానికి పరిచయం చేసింది.

సినిమా వ్యాపారం పనిచేసే తీరే అంత. ఒక్కో సినిమా మీద కోట్లు పెట్టిన నిర్మాతకు, దాన్ని ఏరియాలవారీగా కొనే పంపిణీదారుకు భరోసా కావాలి. నైజాం, సీడెడ్, ఉత్తరాంధ్ర, గుంటూరు, నెల్లూరు అని పంచుకునే ఆ వ్యాపారంలో సీడెడ్ అంటే మన సీమ. 1800లో నిజాం ఈ జిల్లాలను ఇంగ్లీషువాళ్లకు దత్తం చేసిననాటి పేరు సినిమా రంగంలో ఇంకా బతికే ఉంది. ఫ్యాక్షన్ కథంటే సీడెడ్‌లో తొలివారం హాళ్లు నిండుతాయని తేలింది. నిన్న ఆడినదాన్నే రేపు కూడా కొంటారు. అదే కథ, అదే యాస, అదే విలన్.

పెద్ద విజయం నటుడికి రెండు పనులు చేస్తుంది. మొదట పని ఇస్తుంది. ఆ తర్వాత అదే పనిని మళ్లీ మళ్లీ ఇస్తుంది. బెల్లం పాకాన్ని అచ్చులో పోసినట్టు, మనిషిని ఒక్క రూపంలో గట్టిపరుస్తుంది. కొందరు నటులు ఆ గట్టితనాన్నే స్థిరత్వం అనుకుంటారు. ప్రేక్షకుడు విసిగిన రోజున ఆ అచ్చుతోపాటు నటుడూ పక్కకు పోతాడు. జయప్రకాశ్‌రెడ్డికీ ఆ ప్రమాదం వచ్చింది. ఫ్యాక్షన్ అలలు తగ్గుముఖం పట్టేసరికి ఆయనకు అరవై దగ్గర పడింది.

సీమ మోసిన బరువు

అదే కాలంలో మరొకటి జరిగింది. దాని గురించి బాధతోనే చెప్పుకోవాలి.

‘ప్రేమించుకుందాం రా’కు ముందటి ఏడాది, 1996లో, కడప జిల్లా రంగశాయిపురంలో పుట్టిన కేతు విశ్వనాథరెడ్డి కథల సంపుటికి కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం వచ్చింది. ఆయన, మధురాంతకం రాజారాం, సింగమనేని నారాయణ వంటివాళ్లు దశాబ్దాలుగా ఈ నేల కరువును, వలసను, ముఠాతగాదాల్లో చితికిన ఇళ్లను రాశారు. కర్నూలు, కడపల్లో ఏడాదికి సగటున సుమారు 700 మిల్లీమీటర్ల వాన. అదీ వేళకు రాదు. వేరుశనగ వేసి ఆకాశం చూసే రైతు, కర్నూలు-కడప కాలువ చివరి భూమికి నీళ్లు రాక కూర్చున్న రైతు, పనికోసం బెంగళూరు రైలెక్కిన కుర్రాడు, భర్తను పోగొట్టుకుని పిల్లల్ని చదివించిన తల్లి, వీళ్లది సీమ కథ.

తెర మీద వీళ్లు కనబడలేదు. సుమోలు లేచాయి, బాంబులు పేలాయి, వేటకొడవళ్లు మెరిశాయి. ముఠాకక్షలు అబద్ధమని ఎవరూ అనరు. కొన్ని పల్లెల్లో తరాలను తిన్నాయి. ఆ రక్తం వెనకున్న నీళ్ల కరువును, భూమి తగాదాను, రాజకీయ స్వార్థాన్ని వదిలేసి రక్తాన్ని మాత్రమే చూపినందుకు బాధ. హైదరాబాదుకో బెంగళూరుకో చదువుకు పోయిన కర్నూలు, కడప పిల్లల్ని ‘మీ ఇంట్లో బాంబులుంటాయా’ అని హాస్టల్లో అడిగినవాళ్లు ఎందరో. అద్దెకు ఇల్లు అడిగితే ఊరు పేరు విని ముఖం మార్చినవాళ్లూ ఉన్నారు.

ఒక నటుణ్ణి అచ్చులో పోసిన విజయం ఒక ప్రాంతాన్నీ అదే అచ్చులో పోసింది. ఇది జయప్రకాశ్‌రెడ్డి చేసిన తప్పు కాదు. ఆయన సీమ గొంతును నిజాయితీగా పట్టుకున్నారు. ఆ గొంతుకు పరిశ్రమ ఒకే ఒక్క పని అప్పగించింది. ఆయనకు ఆ పనిలోంచి బయటపడే దారి దొరికింది. సీమకు మాత్రం చాలా ఆలస్యంగా దొరికింది.

నవ్వుల వైపు మలుపు

2003లో ‘కబడ్డీ కబడ్డీ’, 2005లో ‘ఎవడి గోల వాడిది’, 2008లో ‘రెడీ’, 2009లో ‘కిక్’. ఈ సినిమాల్లో కనబడింది అదే మనిషి, అదే విగ్రహం, అదే గొంతు. ఇప్పుడు హాలు నవ్వుతోంది.

ఇది తేలికైన పని కాదు. భయపెట్టడానికి వాడిన సరంజామానంతా ఉంచుకుని, కొలతను మాత్రం మార్చారు. మాట ఆగే చోటు ఒక్క క్షణం పొడిగిస్తే గాంభీర్యం నవ్వవుతుంది. కనుబొమ లేచిన తర్వాత బెదిరింపు రాకుండా అమాయకత్వం వస్తే హాలు పొంగుతుంది. క్షణాన్ని ఇట్లా కొలవడం రంగస్థలం నేర్పుతుంది. ఎదురుగా ఉన్న జనం నవ్వారో లేదో అప్పటికప్పుడు తెలిసే చోట ఏళ్లు గడిపినవాళ్లకే ఆ కొలత వస్తుంది. యాస ఆయన్ను తెర మీద నిలబెట్టింది. నాటకం ఆయన్ను ఆ యాస నుంచి కాపాడింది.

సింహాద్రిపురం నుంచి మరో పాఠం

ఇక్కడ కడప జిల్లా నటుడు ఒకరిని తలుచుకోవాలి. పులివెందుల దగ్గర సింహాద్రిపురంలో 1931లో పుట్టిన పద్మనాభం. ఆయన కథ దీనికి తలకిందులు. పిల్లవాడిగానే మద్రాసు చేరారు. ఇరవై ఏళ్లకు ‘పాతాళభైరవి’లో మాంత్రికుడి శిష్యుడు సదాజపుడిగా ఊరూరా తెలిశారు. తొందరగా వచ్చిన గెలుపు ఆయనకు ధైర్యమిచ్చింది. నిర్మాత అయ్యారు. 1965లో ‘దేవత’ తీశారు. 1967లో వచ్చిన ‘శ్రీశ్రీశ్రీ మర్యాద రామన్న’తో ఎస్.పి.కోదండపాణి సంగీతంలో ఎస్.పి.బాలసుబ్రహ్మణ్యాన్ని పరిచయం చేశారు. 1970లో ‘కథానాయిక మొల్ల’ తీశారు. తర్వాత నిర్మాణంలో నష్టాలు ఆయన్ను కుంగదీశాయి. 2010లో కన్నుమూశారు.

తన గెలుపును ఆయన మరొకరికి తలుపుగా మార్చారు. ఆ తలుపులోంచి వచ్చిన బాలు యాభై ఏళ్లకు పైగా పాడారు. ఇంతకంటే గొప్ప వారసత్వం ఏ నటుడికి ఉంటుంది? అయినా నటుడిగా వచ్చిన పేరు నిర్మాతగా పెట్టిన డబ్బుకు హామీ కాలేకపోయింది. చిన్న వయసులో గెలిచిన పద్మనాభం ఉన్నదంతా సినిమాలో పెట్టారు. ఓడిన అనుభవంతో గెలిచిన జయప్రకాశ్‌రెడ్డి గుంటూరును వదల్లేదు.

అలెగ్జాండర్

సినిమా డబ్బు వచ్చాక ఆయన చేసింది నాటకం. గుంటూరులో నెలనెలా నాటకాలు ఆడించే సభ నడిపారు. ‘అలెగ్జాండర్’ అనే ఏకపాత్ర నాటకాన్ని భుజాన వేసుకుని ఊరూరా తిరిగారు. వేదిక మీద ఆయన ఒక్కరే. గంటన్నరకు పైగా కట్ చెప్పే దర్శకుడు లేడు, ఎదుటి నటుడు లేడు, ఫ్యాక్షన్ లేదు. అరవై దాటిన వయసులో అది ఎంత శ్రమో నాటకమాడినవాళ్లకు తెలుసు. సినిమా ఇచ్చిన గుర్తింపు వల్ల జనం ఆ నాటకానికి వచ్చారు. వచ్చినవాళ్లు వీరభద్రయ్యను మరిచి ఇంటికి పోయారు. ఒక నటుడు తన గెలుపు మీద సాధించిన గెలుపు అంటే ఇదే.

2020 సంక్రాంతికి ‘సరిలేరు నీకెవ్వరు’ విడుదలైంది. కథ మళ్లీ కర్నూలులోనే, తెర మీద మళ్లీ కొండారెడ్డి బురుజే. ఆయన జీవించి ఉండగా వచ్చిన చివరి సినిమా అది. 1997లో తెర మీది కర్నూలులో మొదలైన రెండో జీవితం తెర మీది కర్నూలులోనే ముగిసింది. ఆ ఏడాది సెప్టెంబరు 8న గుంటూరులోని ఇంట్లో గుండెపోటుతో మరణించారు.

యాస చేతులు మారింది

ఆయన చూస్తుండగానే సీమ యాసకు కొత్త పనులు దొరకడం మొదలైంది. 2018లో ‘అరవింద సమేత వీరరాఘవ’ ఫ్యాక్షన్‌ను ఆపడం గురించి మాట్లాడింది. ఆ సినిమా యాసకు అప్పటి కడప జిల్లా చిట్వేలికి చెందిన రచయిత, గాయకుడు పెంచల్‌దాస్ సాయం తీసుకున్నారు. ఒక నటుడు టేపు రికార్డరుతో ఒంటరిగా చేసిన పనికి, ఇరవై ఏళ్ల తర్వాత ఆ నేల మనిషినే పిలిచి కూర్చోబెట్టే మర్యాద వచ్చింది. 2021లో రాయచోటి ప్రాంతం కుర్రాడు కిరణ్ అబ్బవరం ‘ఎస్.ఆర్. కల్యాణమండపం’లో అదే ఊరి తండ్రీకొడుకుల కథ చెప్పాడు. దానికి బాంబులు అక్కర్లేకపోయాయి. అదే ఏడాది చివర్లో వచ్చిన ‘పుష్ప’లో హీరో చిత్తూరు యాస మాట్లాడాడు. ఆ పాత్రకే అల్లు అర్జున్ జాతీయ ఉత్తమ నటుడయ్యారు. తెలుగు హీరోకు ఆ పురస్కారం రావడం అదే మొదలు. విలన్ నోట వచ్చిన మాట హీరో నోటికి చేరడానికి ఇరవై ఏళ్లకు పైగా పట్టింది.

కర్నూలు, కడపల నుంచి ఇవాళ ఫోనులో షార్ట్ ఫిలిం తీసి హైదరాబాదు బస్సెక్కే పిల్లలు వందల్లో ఉన్నారు. వాళ్లకు ఈ గాథలోంచి మూడు మాటలు చెప్పాలి. మొదటిది, ఒక వృత్తి చేతిలో పెట్టుకుని వెళ్లండి, తిరిగి రావలసి వస్తే సిగ్గుపడకండి. రెండోది, వేషం చిన్నదైనా దాని ఊరికి వెళ్లి దాని మాట వినండి. మూడోది, గెలుపు వచ్చాక అది అడగని పని ఒకటి తప్పకుండా చేస్తూ ఉండండి.

సినిమా తీసేవాళ్లను కోరేది ఒక్కటే. జయప్రకాశ్‌రెడ్డి గొంతుతో మీరు ఎన్నో కోట్లు సంపాదించారు. ఆ గొంతు పుట్టిన నేలలో లెక్కల మాస్టార్లు ఉన్నారు, నాటకాలాడే పోలీసులు ఉన్నారు, వాన కోసం చూసే రైతులు ఉన్నారు. ఆయన సొంత ఇంట్లోనే ఇద్దరుండేవారు, ఒక మాస్టారు, ఒక పోలీసు. వాళ్ల కథల్ని వాళ్ల మాటలోనే తీయండి. సీమకు మీరు పడ్డ బాకీ తీరే దారి అదే.